క్రోమర్ లైఫ్‌బోట్ స్టేషన్: చందాలతో 200 ఏళ్లుగా సాగుతున్న సముద్ర ఖిద్మత్

ఇంగ్లాండ్ తూర్పు తీరంలో, నార్ఫోక్ జిల్లాలో క్రోమర్ అనే చిన్న ఊరు ఉంది. పీతల వేటకు పేరున్న ఊరు. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడడానికి ఇక్కడి జనం 1804లోనే చందాలు వేసుకుని ఒక పడవను ఏర్పాటు చేసుకున్నారు. ఆ స్టేషన్ నేటికీ నడుస్తోంది. సర్కారు జీతం మీద కాదు, మామూలు మనుషుల చందాల మీద, సొంత పనులు వదిలి పరిగెత్తే వాలంటీర్ల మీద.

ఈ ఊరికే ఎందుకు?

అప్పట్లో లండన్ పొయ్యిలకు కావలసిన బొగ్గు ఉత్తరాదిన న్యూకాజిల్ నుంచి ఓడల్లో వచ్చేది. ఆ దారి క్రోమర్ ముందు నుంచే పోతుంది. తీరానికి దూరంగా హేజ్‌బరో అనే పెద్ద ఇసుక మేట ఉంది. పైకి నీళ్లే కనిపిస్తాయి, కింద ఇసుక. తుఫానులో దారి తప్పిన ఓడ దాని మీదికి ఎక్కిందంటే అలలు దాన్ని ముక్కలు చేసేస్తాయి. రేవు కూడా లేని ఊరు కాబట్టి, పడవను ఒడ్డు నుంచే అలల్లోకి నెట్టాలి.

దేశం మొత్తానికి సంస్థ

సర్ విలియం హిల్లరీ అనే ఆయన చొరవతో 1824 మార్చి 4న లండన్‌లో ఒక జాతీయ సంస్థ మొదలైంది. 1854లో దాని పేరు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్‌గా మారింది. క్లుప్తంగా ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అంటారు. 1850ల చివర్లో క్రోమర్ స్టేషన్ ఈ సంస్థ కిందికి వచ్చింది. అంటే క్రోమర్ పడవ వయసు సంస్థ వయసు కంటే 20 ఏళ్లు ఎక్కువ.

ఈత రాని సరంగు

క్రోమర్ పేరు చెబితే హెన్రీ బ్లాగ్ గుర్తుకు రావాల్సిందే. 1876లో పుట్టారు. పీతలు పట్టి బతికేవారు, వేసవిలో టూరిస్టులకు కుర్చీలు అద్దెకిచ్చేవారు. 1894లో, 18 ఏళ్లకు లైఫ్‌బోట్ ఎక్కారు. 1909లో కాక్స్‌వెయిన్ అయ్యారు, మన తీరంలో సరంగు అంటామే, ఆ పని. 1947లో దిగిపోయేనాటికి ఆయన వయసు 71. మందు, సిగరెట్ ముట్టని మనిషి అని చెబుతారు. ఇంకో విచిత్రం, ఆయనకు ఈత రాదు!

53 ఏళ్ల సేవలో 387 సార్లు సాయానికి వెళ్లి, తన సిబ్బందితో కలిసి 873 మంది ప్రాణాలు కాపాడారు. సంస్థ నుంచి 3 బంగారు, 4 వెండి పతకాలు అందుకున్నారు. జార్జ్ క్రాస్ కూడా దక్కింది.

1917 జనవరి 9: మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఊళ్లో కుర్రాళ్లంతా సైన్యంలో ఉన్నారు, పడవలో మిగిలింది ఎక్కువగా పెద్ద వయసువాళ్లే. వాళ్లే తెడ్లు వేసి ఒక గ్రీకు ఓడ నుంచి 16 మందిని ఒడ్డుకు చేర్చారు. ఊపిరి పీల్చుకునేలోపు ఫెర్నెబో అనే స్వీడన్ ఓడ పేలి రెండు ముక్కలైంది. మళ్లీ వెళ్లారు. అలలు పడవను వెనక్కి విసిరేశాయి, తెడ్లు విరిగాయి. వేరే తెడ్లు తెచ్చుకుని ఇంకోసారి వెళ్లి 11 మందిని తీసుకొచ్చారు.

1941 ఆగస్టు: రెండో ప్రపంచ యుద్ధంలో వరుసగా పోతున్న సరుకు ఓడలు కొన్ని తుఫానులో హేజ్‌బరో ఇసుక మీదికి ఎక్కేశాయి. మునిగిపోతున్న ఓడ డెక్కు పగులులోకి బ్లాగ్ తన పడవ ముక్కును దూర్చి మనుషులను ఎక్కించుకున్నారు. ఆ రోజు హెచ్ ఎఫ్ బెయిలీ అనే ఆ ఒక్క పడవే 88 మందిని కాపాడింది.

1941 అక్టోబర్ 26: ఇంగ్లీష్ ట్రేడర్ అనే ఓడ కోసం వెళ్లినప్పుడు పెద్ద అల కొట్టి బ్లాగ్‌తో సహా ఐదుగురు సముద్రంలో పడిపోయారు. అందరినీ పైకి లాగారు గానీ, సిగ్నల్‌మన్ ఎడ్వర్డ్ అలెన్ ప్రాణం దక్కలేదు. తోటివాడిని పోగొట్టుకున్న ఆ మనుషులే మర్నాడు తెల్లవారుజామున మళ్లీ వెళ్లి 44 మందిని తీసుకొచ్చారు. అప్పటికి బ్లాగ్‌కు 65 ఏళ్లు.

1954లో బ్లాగ్ కన్నుమూశారు. ఆయన పేరుతో మ్యూజియం ఉంది, హెచ్ ఎఫ్ బెయిలీ పడవ అందులోనే ఉంది. నేటి లైఫ్‌బోట్ షెడ్డు సముద్రంలోకి కట్టిన వంతెన చివర ఉంటుంది. అక్కడి నుంచి పడవ వాలు మీదుగా నేరుగా నీళ్లలోకి జారుతుంది.

డబ్బు ఎక్కడిది?

ఆర్‌ఎన్‌ఎల్‌ఐ లెక్కలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. సంస్థ ఆదాయంలో పెద్ద భాగం వసీయత్‌ల నుంచి వస్తుంది. పోయేముందు ఆస్తిలో కొంత లైఫ్‌బోట్‌కు రాసి పోతారు. హెచ్ ఎఫ్ బెయిలీ అన్నది కూడా అలా డబ్బు రాసిపెట్టిన లండన్ వ్యాపారి పేరే. మిగతాది డబ్బాల్లో పడే చిల్లర, నెలనెలా ఇచ్చే చందాలు. సిబ్బందిలో ఎక్కువమంది టీచర్లు, మెకానిక్‌లు, దుకాణదారులు. పిలుపు రాగానే చేతిలో పని వదిలి పరిగెత్తాలి.

విమర్శలు వచ్చినప్పుడు

2019లో ఒక వివాదం రేగింది. జాంజిబార్‌లో ముస్లిం అమ్మాయిలు ఈత నేర్చుకునేందుకు ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు, బంగ్లాదేశ్‌లో చిన్నపిల్లల సంరక్షణ కేంద్రాలు వంటి పనులకు ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సాయం చేస్తోందని కొన్ని బ్రిటన్ పత్రికలు తప్పుపట్టాయి. విదేశాలకు వెళ్లేది మొత్తం ఖర్చులో సుమారు 2 శాతమేనని, ఆ పని ఆపబోమని సంస్థ జవాబిచ్చింది. 2021లో ఇంగ్లిష్ ఛానెల్‌లో రబ్బరు పడవల్లో వచ్చే శరణార్థులను కాపాడుతున్నారని మళ్లీ గొడవ. మునిగిపోతున్నవాడిని నువ్వెవరు, ఎందుకొచ్చావని అడగం అన్నదే సంస్థ వైఖరి. ఆ రెండుసార్లూ చందాలు తగ్గకపోగా పెరిగాయి.

మన కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవుల్లో బీచ్‌లకు వెళ్తుంటారు. అక్కడ ఎవరైనా నీళ్లలో చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. మన దేశంలో సముద్ర ప్రమాదాలకు కోస్ట్‌గార్డ్ టోల్‌ఫ్రీ నంబరు 1554.

నీళ్లలో పడితే కంగారుగా చేతులు కాళ్లు కొట్టుకోవద్దు. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో ఉంచి, వెల్లకిలా తేలుతూ ముందు ఊపిరి కుదుట పడనివ్వండి. ఆ తర్వాతే కేక వేయడమైనా, ఈదడమైనా. ఈ సలహా రెండు శతాబ్దాలుగా ప్రాణాలు కాపాడుతున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐదే. ఇంట్లో పిల్లలకు, ఆడవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.