ఎం.ఆర్.ఐ. పరీక్షా సమయం తగ్గింపు - తక్కువ కొలతలతో పూర్తి చిత్రం

ఎం.ఆర్.ఐ. పరీక్షలో ఎక్స్-కిరణాల వినియోగం లేదు. అయితే ఆలస్యం దీని ప్రధాన లోపం. రోగి చాలాసేపు కదలకుండా పడుకొనవలసి ఉంటుంది. అట్లు ఉండలేని చిన్నారులకు పలు సందర్భాలలో మత్తుమందు ఇవ్వవలసి వస్తున్నది. పరీక్షా సమయం తగ్గితే మొదట లబ్ధి పొందేది వీరే.

ఈ యంత్రం కెమెరా వలె నేరుగా చిత్రం తీయదు. శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాల నుండి వెలువడే రేడియో సంకేతాలను వరుసల వారీగా నమోదు చేస్తుంది. పిదప ఫోరియర్ గణితం ద్వారా వాటిని చిత్రంగా మారుస్తారు. చిత్రానికి 256 వరుసలు అవసరమైతే సాధారణ పద్ధతిలో 256 పర్యాయములు కొలవవలసిందే. అయస్కాంత క్షేత్రాన్ని మరీ వేగంగా మార్చితే రోగి నరాలు ఉత్తేజితమవుతాయి కనుక వేగానికి హద్దు కలదు.

కొలతల సంఖ్యనే తగ్గించే మార్గాన్ని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ లస్టిగ్, డేవిడ్ డోనహో, జాన్ పాలీ 2007లో ప్రకటించారు. దీనికి ఆధారమైన గణిత సిద్ధాంతం అంతకు ముందు సంవత్సరమే వెలువడినది. వైద్య చిత్రంలో పక్కపక్కనున్న బిందువులు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. వేవ్‌లెట్ అనే గణిత రూపంలోకి మార్చితే కొద్దిపాటి సంఖ్యలే చిత్రం మొత్తాన్ని దాదాపుగా తెలుపగలవు. డిజిటల్ ఫోటోలను కుదించి భద్రపరచడంలోని కిటుకు కూడా ఇదే. అక్కడ అంతా తీసి, పిదప అధిక భాగం వదలివేస్తారు; ఇక్కడ ఆ భాగాన్ని అసలు కొలవనే కొలవరు.

వరుసలను సమాన దూరంలో వదలివేస్తే చిత్రం తనపై తానే పడి కలగాపులగమవుతుంది. క్రమం లేకుండా వదలివేస్తే ఆ లోపం సన్నని ఇసుక చల్లినట్లు అంతటా పరచుకొనును. కొలిచిన సంకేతాలతో సరిపోలుతూ, అతి తక్కువ సంఖ్యలతో చెప్పగలిగే చిత్రాన్ని కంప్యూటర్ వెదకి ఆ ఇసుకను తొలగిస్తుంది. స్థూలరూపాన్ని తెలిపే మధ్య వరుసలను మాత్రం దట్టంగానే కొలుస్తారు. చీకటి నేపథ్యంలో మెరిసే రక్తనాళాల చిత్రాలకు ఈ విధానం మిక్కిలి అనుకూలము.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో సాయిప్రసాద్ రవిశంకర్, యోరం బ్రెస్లర్ 2011లో మరొక అడుగు వేశారు. ముందే నిర్ణయించిన వేవ్‌లెట్లకు బదులు, అదే రోగి చిత్రంలోని చిన్న చిన్న ముక్కల నుండి తగిన నమూనాలను కంప్యూటరే నేర్చుకొను పద్ధతిని వారు రూపొందించారు. కొలతలను కుదించే తరహా స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌కు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో అనుమతి ఇచ్చినది. తదుపరి కృత్రిమ మేధ పద్ధతులు ముందుకు వచ్చాయి.

కొలవని భాగాన్ని గణితం పూరిస్తున్నందున జాగ్రత్త అవసరం. కొన్ని కృత్రిమ మేధ పద్ధతులలో కొలతలలోని స్వల్ప మార్పు సైతం చిత్రాన్ని గణనీయంగా చెరిపివేయగలదని, చిన్న కణితి వంటి వివరం లుప్తం కావచ్చునని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం హెచ్చరించినది. చెదరిన చిత్రంలోని లోపం వైద్యునికి కంటికి కనబడుతుంది. నున్నగా వచ్చిన చిత్రంలో లోపించిన మచ్చ కనబడదు.