కఫ్‌లో గాలి ఎంత?

ఐసీయూ చరిత్ర చెప్పేవాళ్లు వెంటిలేటర్‌తో మొదలుపెడతారు. ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన నేను మాత్రం ట్రాకియాస్టమీ గొట్టం (గొంతు దగ్గర రంధ్రంలోంచి శ్వాసనాళంలోకి పెట్టేది) చివర ఉండే చిన్న బుడగతో మొదలుపెడతాను. దాన్ని మేం కఫ్ అంటాం.

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఉన్నవి మనిషిని మెడవరకు లోపల ఉంచే ఒక్క ఐరన్ లంగ్, ఛాతీకి తొడిగే ఆరు యంత్రాలు. ఊపిరాడక యంత్రం ఎక్కిన మొదటి 31 మందిలో 27 మంది పోయారు. పోలియోతో గొంతు చచ్చుబడి మింగలేని మనిషికి సొంత ఉమ్మే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంటే ఛాతీని బయటినుంచి ఎంత ఆడించి ఏం లాభం? మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ ఆగస్టు 27న పన్నెండేళ్ల పిల్లకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, కఫ్ ఉన్న గొట్టం పెట్టించి, చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి ఇచ్చారు. కఫ్ ఉబ్బితే పైనుంచి ఉమ్మి దిగడం తగ్గుతుంది, కిందినుంచి గాలి కారిపోదు. పిల్ల బతికింది. ఆ తర్వాత సుమారు 1500 మంది విద్యార్థులు షిఫ్టుల వారీగా మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. పుస్తకాలు వాళ్లను మెచ్చుకుంటాయి, మంచిదే. రాత్రంతా తెమడ లాగిన నర్సుల గురించి ఒక్క ముక్కతో సరిపెడతాయి.

బతికించిన బుడగే తర్వాత పీకల మీదికి తెచ్చింది. 1960లలో వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉండి ఇంటికెళ్లినవాళ్లలో కొందరు వారాల తర్వాత ఈల వేసినట్టు ఊపిరితో తిరిగొచ్చేవారు. బోస్టన్‌లో కూపర్, గ్రిల్లో అనే డాక్టర్లు 1969లో గుట్టు విప్పారు. గట్టి కఫ్ నొక్కినచోట శ్వాసనాళం గోడకు రక్తం అందదు. పొర చచ్చి పుండవుతుంది, మృదులాస్థి దెబ్బతింటుంది, పుండు మానేటప్పుడు మచ్చ ముడుచుకుని దారి ఇరుకవుతుంది. రంధ్రం మరీ పైన కోస్తే స్వరపేటిక దగ్గర ఇలాగే ఇరుకవుతుందని షెవాలియర్ జాక్సన్ అనే గొంతు డాక్టరు 1921లోనే మొత్తుకున్నారు.

అప్పటినుంచి పల్చటి, వెడల్పాటి, మెత్తటి కఫ్‌లు వచ్చాయి. అయినా గాలి ఎక్కించేది మనిషే కదా! నేను చేరిన కొత్తలో కఫ్‌కు కలిపి బయట వేలాడే పైలట్ బెలూన్‌ను రెండు వేళ్లతో నొక్కి "చాలు" అనేవాళ్లం. పీడనం కొలిచే మానోమీటర్ వచ్చాక ఆ లెక్క సాగలేదు. పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి, షిఫ్టుకోసారి చూసి చార్టులో రాయాలి. తక్కువైతే ఉమ్మి జారి న్యుమోనియా, ఎక్కువైతే గోడకు పుండు. 1985లో చాలియా అనే డాక్టరు పద్ధతి వచ్చాక సూది, తీగ, రంధ్రం వెడల్పు చేసే డైలేటర్లతో మంచం దగ్గరే రంధ్రం చేస్తున్నారు. కోయడం సులువైంది. తెమడ ఎండి గొట్టం మూసుకుపోకుండా చూసే పని మాత్రం ఏమీ తగ్గలేదు.

కోలుకోవడం గాలి ఎక్కించడంతో కాదు, తీయడంతో మొదలవుతుంది. కఫ్ దించి, రోగి మింగుతున్నారా, దగ్గి తెమడ పైకి తెస్తున్నారా చూస్తాం. తర్వాత చిన్న గొట్టం, ఆపైన దానికి మూత. ఇబ్బంది లేకుండా ఊపిరాడితే గొట్టం తీసి గాజ్ గుడ్డ వేసి ప్లాస్టర్ అంటిస్తాం. చాలామందికి రంధ్రం దానంతటదే పూడుకుంటుంది, కొద్దిమందికి కుట్టాల్సి వస్తుంది.

ఈలోగా, గాలి స్వరపేటికకు చేరక పోయిన మాట సంగతేమిటి? దానికి ఒక దారి కనిపెట్టింది డాక్టరు కాదు, రోగే. 1980లలో అమెరికాలో కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్న డేవిడ్ మ్యూర్ అనే యువకుడు ఒకవైపే తెరుచుకునే వాల్వు రూపొందించాడు. పీల్చేటప్పుడు తెరుచుకుంటుంది. వదిలేటప్పుడు మూసుకుని గాలిని స్వరపేటిక మీదుగా పంపుతుంది. దాన్ని తగిలించేముందు కఫ్ పూర్తిగా దించారా లేదా అని కొత్త సిస్టర్లను రెండుసార్లు అడిగేదాన్ని. ఉబ్బి ఉంటే లోపలికెళ్లిన గాలికి బయటికి దారే ఉండదు.