మెరుపుకు ముందు: వాహనాల రంగు, రాపిడి, ధూళి

కారుకు మైనం పట్టించే ముందు చేయవలసిన పనుల వరుస ఇప్పుడు దాదాపు అంతటా ఒకటే. ముందు కడగాలి. కడిగినా వదలని మలినాలను తొలగించాలి. పైపొరలోని సన్నని గీతలను పాలిష్‌తో అరగదీయాలి. మైనం ఆ తరవాతే. ఈ వరుస ఏ ఒక్కరి ఆలోచనో కాదు. గుర్రపుబండ్లకు రంగులు వేసిన పనివారి నుంచి నేటి ప్రయోగశాలల దాకా నూటయాభై ఏళ్ళకు పైబడిన అనుభవం ఇందులో ఉంది. ఈ చరిత్రలో మెరుపును గురించి రాసినవారు చాలామంది. ఆ మెరుపు కోసం అరగదీసిన పొర ధూళిగా మారి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయిందని అడిగినవారు మాత్రం తక్కువ.

నిగనిగ అనేది రంగుకు ఉన్న గుణం కాదు, తలానికి ఉన్న గుణం. నునుపైన తలం మీద పడ్డ వెలుగు ఒకే దిశలో తిరిగి వస్తుంది. గరుకు తలం మీద పడ్డది నలుదిక్కులకూ చెదిరిపోతుంది. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా తక్కువ. అందువల్ల చాలా సన్నని గీత కూడా మెరుపును చెడగొట్టగలదు. పాలిష్ చేయడమంటే గీతలను మాయం చేయడం కాదు, పెద్ద గీతల స్థానంలో చిన్న గీతలను, వాటి స్థానంలో ఇంకా చిన్నవాటిని పెట్టుకుంటూ పోవడం. మైనం ఆ చివరి గీతలను కొంత పూడ్చి, పైన పలుచని తెరలా నిలుస్తుంది. కడగకుండా పాలిష్ మొదలుపెడితే, అంటుకుని ఉన్న ఇసుకరేణువే గుడ్డ కింద సాండ్‌పేపర్‌గా మారుతుంది. తయారీ ముందు, మెరుపు తరవాత అన్న నియమానికి మూలం ఇదే.

గుర్రపుబండి వారసత్వం

తొలి మోటారు కార్లకు రంగులు వేసినది గుర్రపుబండ్ల పనివారే. పద్ధతి కూడా వారిదే. చెక్కకు సఫేదా, అంటే సీసపు తెలుపు కలిపిన అవిసె నూనె పూతలు వేసేవారు. వాటి మీద ఎగుడుదిగుళ్ళను సరిచేసే మందపాటి లప్పం, ఆ పైన రంగు పూతలు, చివరికి వార్నిష్ పూతలు వచ్చేవి. ప్రతి పూతకూ ఆరే గడువు ఇవ్వాలి. ఆరిన పూతను రుద్ది నునుపు చేశాకే తరవాతి పూత. లప్పాన్ని ప్యూమిస్ రాయితో, నీళ్ళతో అరగదీసేవారు. వార్నిష్‌ను ప్యూమిస్ పొడితో, ఉన్ని గుడ్డతో రుద్దేవారు. చివరి వార్నిష్ వేసే గదిలో దుమ్ము లేవకుండా నేలను తడిపి ఉంచేవారు. ఒక వాహనం ఈ దశలన్నీ దాటి బయటికి రావడానికి వారాలు పట్టేది.

ఈ వృత్తి అమెరికాకో ఇంగ్లండుకో పరిమితమైనది కాదు. మద్రాసులో 1840లో మొదలైన సింప్సన్ అండ్ కంపెనీ కూడా మొదట గుర్రపుబండ్ల తయారీ సంస్థే; మోటారు వాహనాల వైపు మళ్ళింది ఆ తరవాతనే.

సీసం, ధూళి

రంగులు వేసేవారి జబ్బులు వైద్యానికి కొత్తవి కావు. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని 1700లో ప్రచురించిన వృత్తిరోగాల గ్రంథంలోనే చిత్రకారులకొక అధ్యాయం కేటాయించాడు. మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, పాలిపోయిన ముఖం, చెయ్యి చాస్తే మణికట్టు వాలిపోవడం: సీసపు విషానికి ఈ లక్షణాలు పేరుపడ్డాయి. అయితే సీసం ఒంట్లోకి ఎలా చేరుతున్నదన్న విషయంలో చాలాకాలం పొరపాటు అభిప్రాయమే నిలిచింది. పనివాడు చేతులు కడుక్కోకుండా అన్నం తినడమే కారణమని యజమానులూ, కొందరు వైద్యులూ నమ్మారు. అలా నమ్మితే తప్పు పనివాడిది అవుతుంది.

ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించినది అమెరికన్ వైద్యురాలు ఏలిస్ హామిల్టన్. ఆమె 1910లో ఇలినాయ్ రాష్ట్రంలో సీసపు పరిశ్రమల పరిశీలన మొదలుపెట్టి, తరవాత అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంక విభాగం కోసం రంగుల పనివారి ఆరోగ్యంపై ఒక నివేదిక రాసింది. అది 1913లో వెలువడింది. ప్రమాదం చేతులకు అంటిన రంగులో కన్నా గాలిలో తేలే ధూళిలోనే ఎక్కువ ఉందన్నది ఆమె వాదన. ఆ లెక్కన కుంచె పట్టి రంగు పూసే గంటల కన్నా, ఆరిన సీసపు పూతను పొడి సాండ్‌పేపర్‌తో రుద్దే గంటలే ప్రాణాంతకం. మరో మాటలో చెప్పాలంటే, ప్రమాదం రంగు వేయడంలో కన్నా రంగుకు తలాన్ని సిద్ధం చేయడంలోనే ఎక్కువగా ఉంది. హామిల్టన్ 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలైంది. ఆ సంస్థలో ఆ స్థానం పొందిన తొలి మహిళ ఆమె.

పరిష్కారం పైకి సులువుగానే కనిపిస్తుంది: తడిపి రుద్దితే ధూళి లేవదు. కానీ ఆనాటి సాండ్‌పేపర్‌లో గరుకు రేణువులను కాగితానికి పట్టి ఉంచినది జంతువుల చర్మాల నుంచీ ఎముకల నుంచీ తీసిన జిగురు. నీళ్ళు తగిలితే అది కరిగిపోతుంది. రాయితో తడి పని చేయవచ్చు గాని, వంపులు తిరిగిన భాగాల మీద కాగితమే కావాలి. కాగితమంటే పొడి రాపిడే.

నీటికి లొంగని కాగితం

ఫిలడెల్ఫియాలో సిరా తయారుచేసే ఫ్రాన్సిస్ ఓకీ అన్న వ్యక్తి గరుకు రేణువుల నమూనాలు పంపమని మిన్నెసోటాలోని త్రీఎమ్ కంపెనీకి ఉత్తరం రాశాడు. సిరా పనివాడికి వీటితో ఏం పని అని ఆరా తీసిన కంపెనీకి, అతను నీళ్ళలో నానినా ఊడని సాండ్‌పేపర్ కనిపెట్టాడని తెలిసింది. ఆ హక్కులను కొని, త్రీఎమ్ 1921లో దానిని ‘వెటర్‌డ్రై’ పేరుతో విపణిలోకి తెచ్చింది. మోటారు కార్ల రంగుల షెడ్లలో అది త్వరగా స్థిరపడింది. తడి రాపిడిలో గీత సన్నగా పడుతుంది, కాగితం రంగుపొడితో పూడుకుపోదు, ధూళి లేవదు. మొదటి రెండు కారణాలు యజమానికి నచ్చేవి, మూడోది పనివాడికి ఊపిరి పోసేది. ఈ మూడూ ఒకే కాగితంలో కలిసి రావడం వల్లనే అది అంత త్వరగా వ్యాపించిందని అనుకోవచ్చు.

అదే 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సీసపు తెలుపు వాడకంపై ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. భవనాల లోపలి గోడలకు దానిని చాలామేరకు నిషేధిస్తూనే, నిషేధం లేని పనుల్లో పొడి రాపిడి వల్లా, గోకడం వల్లా లేచే ధూళిని సాధ్యమైన చోటల్లా అరికట్టాలని ఆ ఒప్పందం నిర్దేశించింది. ఒకవైపు చట్టం, మరోవైపు ఒక సిరా పనివాడి ప్రయోగం ఒకే ఏట ఒకే చోటికి చేరుకున్నాయి.

అయితే తడి కూడా పూర్తి రక్ష కాదు. రుద్దిన బురదను కడిగేయకుండా వదిలేస్తే అది ఆరి మళ్ళీ ధూళే అవుతుంది.

లక్క పేరుతో వచ్చిన లకర్

వారాల పనిని గంటల్లోకి కుదించినది డ్యూపాంట్ కంపెనీ రూపొందించిన ‘డ్యూకో’. మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థంగా విస్తారంగా తయారైన నైట్రోసెల్యులోజే దీనికి ముడిసరుకు. న్యూజెర్సీలోని పార్లిన్ కర్మాగారంలో 1920లో జరిగిన పరిశోధనలో, చిక్కని ద్రావణాన్ని పలుచబరిచే మార్గం దొరికింది. దానితో ఎక్కువ రంగును ఒకే పూతలో స్ప్రే చేయడం సాధ్యమైంది. జనరల్ మోటర్స్‌కు చెందిన ఓక్‌లాండ్ కార్లు 1923లో, మరుసటి ఏటి మోడళ్ళుగా, ఈ నీలిరంగుతో బజారుకు వచ్చాయి.

లకర్ అన్న మాటకు మూలం సంస్కృతంలోని లాక్షా, మన లక్క. అది పోర్చుగీసువారి ద్వారా ఐరోపా భాషల్లోకి చేరింది. డ్యూకోలో లక్క లేదు; పేరు మాత్రమే మిగిలింది. అసలు లక్క పని చూడాలంటే ఏటికొప్పాక వెళ్ళాలి. అక్కడ తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఒత్తి పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. రాపిడి, పూత, మెరుగు: వరుస అక్కడా అదే.

డ్యూకో త్వరగా ఆరేది గాని, ఆరినప్పుడు మసకగా ఉండేది. దానిని మెత్తటి రాపిడి ముద్దతో రుద్దితేనే మెరుపు వచ్చేది. అలా పాలిష్ కర్మాగారంలోనే ఒక దశ అయింది. ఎండకు పైపొర తెల్లబారి పొడిపొడిగా రాలేది కనుక, కొన్నవారికీ ఆ పని తప్పలేదు. షికాగోకు చెందిన సిమొనిజ్ కంపెనీ ఈ అవసరం మీదనే పెరిగింది. అది రెండు సరుకులు అమ్మేది: చచ్చిన పొరను తొలగించేది ఒకటి, ఆ తరవాత పట్టించే మైనం మరొకటి. ఇటువంటి మైనాల్లో పేరుపడినది బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కర్నూబా.

సరిహద్దు చెదరకుండా రెండు రంగులు వేయడం కూడా తయారీ సమస్యే. త్రీఎమ్ ఉద్యోగి రిచర్డ్ డ్రూ ఆ తడి సాండ్‌పేపర్ నమూనాలతో ఒక రంగుల షెడ్డుకు వెళ్ళాడు. అతికించిన కాగితాన్ని తీస్తే రంగు కూడా ఊడివస్తున్నదని పనివారు తిట్టుకోవడం విన్నాడు. 1925లో వచ్చిన మాస్కింగ్ టేప్‌కు మూలం అదే.

పలుచని పైపొర, కొత్త విషం

ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో రంగు మీద వర్ణరహితమైన క్లియర్‌కోట్ వేయడం సాధారణమైంది. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా పలుచన. సూర్యుడి అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడే పదార్థాలు ఇందులోనే ఉంటాయి. అతిగా అరగదీస్తే మెరుపుతోపాటు కాపూ పోతుంది. అందుకే అరగదీయకుండా శుభ్రపరిచే మార్గం అవసరమైంది. 1990లలో జపాన్ నుంచి వచ్చిన మెత్తని ‘క్లే’ ముద్ద ఆ పని చేసింది. రైలు పట్టాల నుంచీ బ్రేకుల నుంచీ లేచి రంగులో దిగబడిన ఇనుపరజను అది పట్టి లాగుతుంది. ఇక్కడ కూడా తలాన్ని తడపవలసిందే.

మరమ్మతు షెడ్లలో క్లియర్‌కోట్‌ను గట్టిపరిచేది చాలావరకు ఐసోసయనేట్లు. స్ప్రే తుంపరలో ఇవి ఊపిరితిత్తుల్లోకి పోతే కొందరిలో ఉబ్బసం మొదలవుతుంది. శరీరం ఒకసారి వాటికి స్పందించడం నేర్చుకున్నాక, అతి స్వల్ప మోతాదు కూడా ఊపిరి బిగపట్టించగలదు. గుడ్డ మాస్కు వీటిని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే ముసుగు కావాలి. పాత కార్లను బాగుచేసుకునే అలవాటు ఉన్నవారికి పాత విషం కూడా పొంచి ఉంటుంది. ఆ పూతల్లో సీసం ఉండవచ్చు. అతుకుల్లో నింపినది కూడా సీసపు లోహమే కావచ్చు.

భారతదేశంలో 2017 నవంబరు నుంచి రంగుల్లో సీసాన్ని పదిలక్షల వంతుల్లో 90 వంతులకు పరిమితం చేసే నిబంధన అమలులోకి వచ్చింది. అయితే అది ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులకు సంబంధించినదని దాని పేరే చెబుతుంది. వాహనాల రంగులు ఆ పేరులో లేవు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీ తొట్లకు లప్పం పట్టి, రుద్ది, రంగులు పూసేవారికి కావలసిన రక్షణ ఆ నిబంధనలో దొరకదు. వారికి అది నూరేళ్ళ క్రితమే తెలిసిన చిన్న విషయాల నుంచే రావాలి: పొడిగా రుద్దకపోవడం, రుద్దిన బురద ఆరకముందే కడిగేయడం, తగిన ముసుగు, గాలి ఆడే చోటు. మెరుపుకు ఇవి ఏమాత్రం అడ్డు రావు. తడి రాపిడి వల్ల అది ఇంకా పెరుగుతుంది కూడా.