ఖిచ్డీ తారీఖ్

"మీకేం భాయ్, ఇంట్లో రోజూ బిర్యానీయే కదా!" ఆఫీసులో ఈ మాట ఇరవై ఏళ్లుగా వింటున్నా. మొన్న విన్నప్పుడు నా డబ్బాలో ఉన్నది నాష్తాలో మిగిలిన ఖిచ్డీ, కాస్త ఖట్టా. మూత తీసి చూపించా. "అరే, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు దోస్తు.

బీమార్ల తిండి కాదిది. 14వ శతాబ్దంలో మొరాకో నుంచి ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా తన సఫర్‌నామాలో దీని సంగతి చెప్పాడు. ఇక్కడి జనం పెసలు, బియ్యం కలిపి వండుకుని నెయ్యితో తింటారట. పేరు కిష్రీ. రోజూ పొద్దున నాష్తా అదే. సమోసా గురించీ రాశాడు గానీ అది బాద్షా దస్తర్‌ఖాన్ మీది చీజ్. కిష్రీ ఆమ్ జనానిది.

బాద్షాలూ దాన్ని వదల్లేదు. అక్బర్ బావర్చీఖానా లెక్క అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో ఉంది: బియ్యం 5 సేర్లు, పప్పు 5 సేర్లు, నెయ్యి కూడా 5 సేర్లు! చెంచా కొలిచి నెయ్యి వేసే మా నానీమా వింటే "తౌబా తౌబా" అనేది. జహంగీర్‌కైతే గుజరాత్‌లో తిన్న సజ్జల ఖిచ్డీ ఎంత పసంద్ అయిందంటే, గోష్త్ ముట్టని రోజుల్లో అదే తెమ్మని హుకుం ఇచ్చాడు.

ఇంకో మాట. అబుల్ ఫజల్ రాసిన ఆ వంటల్లో మిరియాలున్నాయి, మిర్చీ లేదు. మిర్చీ, టమాటా, ఆలూ అమెరికా ఖండం పంటలు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగిన తర్వాతే సముద్రం దాటి మన దేశానికి వచ్చాయి. మనం "ఖాందానీ" అని ఫఖర్‌గా చెప్పుకునే ఎర్రటి సాలన్‌ను బహమనీ సుల్తాన్‌లు చూసి ఉండరు. చింతపండు మాత్రం ఈ నేలలో పాతకాపు. అరబ్బులు దాన్ని తమ్ర్ హిందీ, అంటే హింద్ ఖర్జూరం అన్నారు.

ఆ చింతపండు పులుపుతోనే నానీమా ఇల్లు గడిచింది. పొద్దున ఖిచ్డీ-ఖట్టా, రాత్రి జొన్నరొట్టె, ఖట్టీ దాల్ లేదా అంబాడా భాజీ. చేతిలో పైసలుంటే జుమ్మా రోజు గోష్త్. బిర్యానీ మొహం చూడాలంటే ఎవరిదో షాదీ కావాలి.

మీ ఇంట్లో ఖట్టాలోకి నువ్వులా, పల్లీలా? మా ఇంట్లో ఈ ఝగడా ఇంకా తేలలేదు. పల్లీలూ అమెరికా నుంచి వచ్చినవే కాబట్టి తారీఖ్ నువ్వుల వైపే ఉందని అంటే మా బేగం ఒప్పుకోవడం లేదు.