డిజిటల్ పాఠ్య వనరులు: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు

తరగతి గదిలో పాఠం చెప్పడానికి ఉపాధ్యాయులు ఉపగ్రహ ప్రసారాల నుంచి, అంతర్జాలం నుంచి వెదికి తెచ్చుకునే వీడియోలు, బొమ్మలు, పటాలు, అనుకరణ ప్రయోగాలు, అభ్యాస పత్రాలను డిజిటల్ పాఠ్య వనరులు అంటారు. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమైన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రభుత్వ బడుల్లో ఇవి వాడుకలోకి వచ్చిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నల్లగొండలో అక్షరాస్యత 64.20 శాతం, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 55.04 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో మహబూబ్‌నగర్‌దే చివరి స్థానం.

పూర్వరంగం

నిజాం పాలనలో చదువు ఉర్దూలో సాగేది. తెలుగు పిల్లవాడికి సొంత భాషలో చదివే సామగ్రి బడి నుంచి కాక గ్రంథాలయం నుంచి, పత్రిక నుంచి అందింది. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసిన తర్వాత గ్రంథాలయోద్యమం జిల్లాలకు పాకింది. షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక ప్రారంభించారు. పాలమూరు (మహబూబ్‌నగర్) బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక తెచ్చారు. 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన దేవరకొండలో ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ మహాసభ ఉద్యమం పదేపదే వినిపించిన డిమాండు. తెలుగులో పాఠ్య సామగ్రి కోసం వెదకడం ఈ నేలకు కొత్త కాదనడానికి ఈ చరిత్రే ఆధారం. స్వాతంత్ర్యానంతరం పాతికేళ్ల పాటు బడికి బయటి నుంచి అందిన సాయం ప్రధానంగా ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం పాఠశాల ప్రసారాలే.

ఉపగ్రహాలు, కంప్యూటర్ గదులు

అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన సైట్ (ఉపగ్రహ బోధన టెలివిజన్) ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ తెచ్చింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం పూట బడి పిల్లల కోసం తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చేవి. ఇన్సాట్ ఉపగ్రహాల కాలంలో హైదరాబాద్‌లోని రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ తెలుగు పాఠ్య కార్యక్రమాలు తయారు చేసింది. విద్య కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. సాప్నెట్ సంస్థ నడిపిన మన టీవీ ఆ దశాబ్దంలోనే బడులకు చేరింది. ఈ ప్రసారాలన్నిటికీ ఒక పరిమితి ఉంది. పాఠం ఏ రోజు ఏ వేళకు వస్తుందో స్టూడియో నిర్ణయిస్తుంది. తరగతి ఆ వేళకు సిద్ధంగా ఉండాలి. ఒక బడిలో ఆ పాఠం వారం కిందటే అయిపోయి ఉండవచ్చు, ఇంకో బడిలో కరెంటు లేకపోవచ్చు.

కేంద్రం 2004లో ప్రారంభించిన ఐసీటీ (సమాచార, సంచార సాంకేతికత) పథకం కింద 2008 ప్రాంతంలో రాష్ట్రంలోని 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు ఏర్పడ్డాయి. ప్రైవేటు సంస్థలు యంత్రాలు అమర్చి, బోధకులను పెట్టి, ఐదేళ్లు నడిపి బడికి అప్పగించాలన్నది ఒప్పందం. గడువు తీరాక బోధకులు వెళ్లిపోయారు. మరమ్మతు చూసేవారు లేక చాలా గదులకు తాళం పడింది. ఆ గదుల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకున్నారు గాని, కంప్యూటర్ ద్వారా గణితమో సామాన్యశాస్త్రమో నేర్చుకోవడం తక్కువ.

డిజిటల్ తరగతులు

తెలంగాణ ఏర్పడిన తర్వాత 2016 నవంబరులో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. అప్పటి ఉప ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి కడియం శ్రీహరి ఈ కార్యక్రమాన్ని ముందుండి నడిపారు. ఇందులో వాడిన కే-యాన్ అనే పరికరం ఐఐటీ బొంబాయి, ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కలిసి రూపొందించినది. కంప్యూటరు, ప్రొజెక్టరు, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉంటాయి. పాఠాలను ముందే అందులో నింపి పెట్టుకోవచ్చు గనుక తరగతి జరిగే సమయానికి ఇంటర్నెట్ ఉండనవసరం లేదు. సిగ్నల్ నిలకడగా ఉండని మెట్ట పల్లెలకు ఇది చక్కగా సరిపోయిన ఏర్పాటు. 2017లో మన టీవీ టీ-శాట్‌గా మారింది. విద్య, నిపుణ అనే రెండు చానళ్లతో పాటు యూట్యూబ్‌లోనూ, మొబైల్ యాప్‌లోనూ అందుబాటులోకి వచ్చింది. పాఠం వేళ మీద పెత్తనం స్టూడియో నుంచి ఉపాధ్యాయుడి చేతికి వచ్చింది అప్పుడే. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా చౌక కావడం కూడా దీనికి తోడైంది. అంతకుముందు వీడియో దింపుకోవాలంటే మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు వెళ్లాల్సిన సార్లు, టీచర్లు ఇప్పుడు ఇంట్లోనే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొని బడికి తేసాగారు.

జాతీయ స్థాయిలో మూడు వనరులు ఈ జిల్లాల ఉపాధ్యాయులకు అక్కరకు వచ్చాయి. జాతీయ విద్యా వనరుల భాండాగారం ఎన్‌రోయర్‌ను 2013 ఆగస్టులో ప్రారంభించారు. అప్పుడు మానవ వనరుల శాఖ మంత్రి ఎం. ఎం. పల్లంరాజు. అందులోని సామగ్రిని ఎవరైనా మార్చుకొని వాడుకోవచ్చు. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉప రాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదికను ప్రారంభించారు. తర్వాతి ఏళ్లలో తెలంగాణ పాఠ్యపుస్తకాల పుటల్లో క్యూఆర్ కోడ్లు అచ్చయ్యాయి. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియో దీక్షలో తెరుచుకుంటుంది. ఏది దొరుకుతుందో తెలియక గంటలు వెచ్చించే పని లేకుండా పోవడం దీక్ష చేసిన పెద్ద మేలు. మూడోది, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల్లో నడిపిన క్లిక్స్ కార్యక్రమం. పిల్లలు ఆడుతూ జ్యామితి నేర్చుకునేలా తీర్చిన దాని పాఠాలు ఉత్తమమైనవి. దానికి 2017 సంవత్సరపు యునెస్కో కింగ్ హమద్ బహుమతి లభించింది.

పాఠశాలల మౌలిక వసతుల కోసం 7,289 కోట్ల రూపాయలకు పైగా అంచనాతో 26,065 బడులకు ఉద్దేశించిన మన ఊరు – మన బడి పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించారు. పన్నెండు అంశాల్లో డిజిటల్ వసతి ఒకటి. 2023లో ఉన్నత పాఠశాలలకు తాకితే పనిచేసే పెద్ద తెరలు, అంటే ఐఎఫ్‌పీ ప్యానెళ్లు వచ్చాయి.

కరోనా కాలం

2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలుకొని పై తరగతుల వారందరికీ దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. యాదగిరి చానల్‌కు ఆ పేరు ఈ ప్రాంతపు యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరు మీదుగా వచ్చిందే. ఉపాధ్యాయులు పిల్లలను పంచుకొని, ఎవరింట టీవీ ఉంది, ఎవరింట ఫోన్ ఉంది, ఎవరికి ఏదీ లేదు అని జాబితా రాశారు. లేనివారిని పక్కింటి పిల్లల దగ్గరికి పంపారు, లేదా పంచాయతీ టీవీ ముందు కూర్చోబెట్టారు. అభ్యాస పత్రాలు వాట్సాప్‌లో వెళ్లేవి. జవాబులు నోట్‌బుక్‌లో రాసి ఫొటో తీసి పంపేవారు. ఇంట్లో ఫోన్ ఒకటే ఉండి, దాన్ని తండ్రి కూలికి తీసుకుపోతే సార్ మళ్లీ రాత్రికి చూసుకోవాల్సి వచ్చేది. దేవరకొండ వైపు తండాలకు, అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచు పెంటలకు (గూడేలకు) సిగ్నల్ సరిగా అందలేదు. అక్కడ పాఠం చేరిందంటే ఉపాధ్యాయుడు నడిచి వెళ్లి చెప్పడమే. ఈ ప్రాంతపు కుటుంబాలు పనుల కోసం ముంబై, పుణె లాంటి చోట్లకు వలస పోవడం అలవాటు గనుక, తాళం వేసిన ఇంటి పిల్లవాడిని ఏ ప్రసారమూ చేరలేకపోయింది. 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతుల నుంచి మొదలుపెట్టి బడులు తెరిచారు. మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. సెప్టెంబరు 1న తిరిగి తెరుచుకున్నాయి.

ఈ కాలం మిగిల్చిన మేలు ఒకటి ఉంది. అదివరకు ఫోన్‌లో వీడియో తీయని ఉపాధ్యాయులు కూడా సొంత గొంతుతో, పాలమూరు, నల్లగొండ యాసలోనే పాఠాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టారు. స్కూల్ కాంప్లెక్స్ వాట్సాప్ గ్రూపులు లింకులు పంచుకునే అడ్డాలయ్యాయి.

తెలుగులో వెదకడం

ఆంగ్లంలో ఏ పాఠానికైనా వందల వనరులుంటాయి. తెలుగులో అడిగితే తక్కువ వస్తాయి. ఉన్నవీ చాలాకాలం కనిపించలేదు. పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు, పత్రికలు ఎన్నో ఏళ్లు అను వంటి ఫాంట్లలో తయారయ్యాయి. అవి యూనికోడ్ కావు గనుక పీడీఎఫ్ నెట్‌లో ఉన్నా, లోపలి పదాన్ని వెదికితే యంత్రానికి అంతుపట్టదు. యూనికోడ్ తెలుగు వ్యాపించాకే ఈ అడ్డు తొలగసాగింది. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో ఈ జిల్లాల ఊళ్ల మీద వ్యాసాలున్నాయి. సాంఘికశాస్త్రం టీచర్లకు సొంత ఊరి బొమ్మ చూపడానికి అవి అక్కరకు వస్తాయి. హైదరాబాద్ సీడాక్ నిర్వహించే వికాస్‌పీడియా, కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనుకరణ ప్రయోగాల తెలుగు అనువాదాలు మరో రెండు దారులు. ఫెట్ ప్రయోగాలు నెట్ లేకుండానూ నడుస్తాయి. ప్రయోగశాల సామాను లేని బడిలో బల్బు, బ్యాటరీ, తీగ కలిపి విద్యుత్ వలయం చూపించడానికి ఇంతకు మించినది లేదు. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఆంగ్ల మాధ్యమం తెచ్చి, ఎదురెదురు పుటల్లో తెలుగు, ఆంగ్ల పాఠాలున్న పుస్తకాలు ఇవ్వడంతో ఒకే భావానికి రెండు భాషల మాటలూ పిల్లల ముందుకొచ్చాయి.

స్థానిక విషయాలు

రెండు జిల్లాల పాఠాల్లో అతి సొంతమైన విషయం నీరు. నల్లగొండ వైపు మర్రిగూడ, చౌటుప్పల్ ప్రాంతాల్లో నీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ తరాలుగా పీడించింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నీటి శుద్ధి పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు నీటిలో కలిపి, బాగా కలియబెట్టి, తేటపడనిస్తే ఫ్లోరైడ్ ముద్దగా అడుగున పేరుకుంటుంది. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా దీన్ని ప్రయత్నించారు. అందువల్ల ఆంగ్లంలో ఈ పేరుతో వెదికితే ఆఫ్రికా ఇంజినీర్ల నివేదికలు విరివిగా దొరుకుతాయి. తెలుగులో పదో తరగతి రసాయనశాస్త్రం స్థాయికి తగిన వివరణ అంతగా దొరకదు. దాంతో ఉపాధ్యాయులు బొమ్మలు ఆంగ్ల నివేదికల నుంచి తీసుకొని, వివరణ తాము తెలుగులో రాసుకొని, పిల్లల చేత తమ ఊరి బోరు నీటితో గాజు గ్లాసులో పటిక వేయించి చూపిస్తారు.