రోజు, నౌరోజ్, ఘాన్

అడిలైడ్‌కి వచ్చిన మొదటి ఏడాది సంగతి. మార్చి నెల మూడో వారంలో మా ఆఫీసు వంటగదిలో మా టీమ్‌లోని ఇరాన్ ఆవిడ ఒక బల్ల సర్దుతోంది. మొలకెత్తిన గోధుమ గడ్డి, ఒక యాపిల్, నాలుగు వెల్లుల్లిపాయలు, గిన్నెలో వెనిగర్... మొత్తం ఏడు. అన్నీ వాళ్ళ భాషలో ‘స’తో మొదలయ్యే వస్తువులట. ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ అరబ్బుల కొత్త సంవత్సరమా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మేం అరబ్బులం కాదు. మా భాష అరబ్బీ కాదు" అంది. తర్వాత నా మొహం చూసి జాలేసిందో ఏమో, మాట మార్చడానికి "మీది హిందీయే కదా?" అంది. చెల్లుకు చెల్లు!

ఆ పండగ పేరు నౌరోజ్. ‘నౌ’ అంటే కొత్త, ‘రోజ్’ అంటే రోజు అని చెప్పింది. "మేమూ రోజునే ‘రోజు’ అంటాం" అన్నాను. ఈసారి నవ్వింది. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో దాదాభాయి నౌరోజీ అని ఎన్నిసార్లు బట్టీ పట్టి ఉంటాను! ఆ పేరులో ఒక పండగ ఉందని, ఆ పండగలో మనం పొద్దున లేస్తే వాడే మాట ఉందని ఏనాడూ తట్టలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ‘రోజు’ వెంట పడ్డాను. పాత పారశీక శాసనాల్లో ‘రౌచ’ అంటే పగలు, రోజు. సంస్కృతంలో ‘రోచిస్సు’ అంటే కాంతి. రెండూ ఒక తల్లి పిల్లలే. ఫార్సీలో రూజ్, కుర్దుల భాషలో రోజ్, బలూచీలో రోచ్, పష్తోలో వ్రజ్. ఇవన్నీ ఇరానీ కుటుంబపు భాషలు. ఇరానీ జనం అంటే ఇరాన్ దేశంలో ఉన్నవాళ్ళే కారని నాకు అప్పుడే తెలిసింది. ఇరాక్, టర్కీలలోని కుర్దులు, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లలోని పష్తూన్లు, బలూచీలు, మధ్య ఆసియాలోని తజిక్‌లు, కాకసస్ కొండల్లోని ఒసెటియన్లు, అందరూ ఆ కుటుంబం వాళ్ళే. సరిహద్దులు తర్వాత వచ్చాయి.

మన ‘రోజు’ మాత్రం కొండలు దాటి నేరుగా రాలేదు, దర్బారు నుంచి ఊళ్ళోకి దిగింది. గోల్కొండ కుతుబ్ షాహీలకు మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1591లో హైదరాబాదు కట్టినప్పుడు మంత్రిగా ఉన్న మీర్ మోమిన్ ఆస్త్రాబాద్ వాడు. నిజాంల కాలంలో కూడా 19వ శతాబ్దం చివరి దాకా కచేరీ భాష పారశీయే. అందుకే దస్తావేజు, దరఖాస్తు, గుమాస్తా, బందోబస్తు, సిఫారసు, ఖరీదు, బజారు మన నాలుక మీద ఇంకా ఉన్నాయి. వీటిని పరాయి మాటలని ఏ రైతూ అనుకోడు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ నేనుంటున్న ఊళ్ళోనే ఉందని తర్వాత తెలిసింది.

ఇక్కడ ‘ద ఘాన్’ అని పేరున్న రైలు ఉంది. అడిలైడ్ నుంచి డార్విన్ దాకా దేశాన్ని నిలువునా దాటుతుంది. టికెట్టు ధర చూసి నేను ఎక్కలేదు. ‘ఘాన్’ అంటే అఫ్గాన్‌కి పొట్టి పేరు. రైలు రాకముందు ఆ ఎడారిలో సరుకులు మోసిన ఒంటెలవాళ్ళని ఇక్కడివాళ్ళు అలా పిలిచేవారు.

1860లో బర్క్, విల్స్‌ల యాత్ర కోసం ఇండియా నుంచి 24 ఒంటెల్నీ, వాటిని నడిపే మనుషుల్నీ మెల్బోర్న్‌లో దించారు. 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కరాచీ నుంచి వందకు పైగా ఒంటెలు తెప్పించాడు. వాటితో ముప్పై మంది దాకా మనుషులు వచ్చారు. అప్పటి నుంచి 1920ల దాకా ఇలా వచ్చినవాళ్ళు కనీసం రెండు వేల మంది. ఎక్కువమంది మూడేళ్ళ ఒప్పందం మీద వచ్చారు. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగాను. నేనూ కాంట్రాక్టు మీదే వచ్చాను మరి.

గుర్రం, ఎద్దు నీళ్ళు లేక పడిపోయే చోట నాలుగైదు వందల కిలోల బరువుతో ఒంటె నడుస్తుంది. 1870-72లో పోర్ట్ ఆగస్టా నుంచి డార్విన్ దాకా వేసిన మూడు వేల కిలోమీటర్లకు పైబడిన టెలిగ్రాఫ్ లైనుకి, తర్వాత రైలు పట్టాలకి, బంగారు గనులకి, దూరాన ఉన్న గొర్రెల మేతభూములకి సామాన్లు మోసింది ఈ ఒంటెలే. ఆస్ట్రేలియాని లండన్‌తో కలిపిన తీగ అది. ఇవాళ నేను ఇంటి నుంచి అమ్మకి వీడియో కాల్ చేస్తున్నానంటే ఆ దారికి మొదటి గుంజలు పాతినప్పుడు సామాను మోసినవాళ్ళలో వీళ్ళున్నారు.

అందర్నీ అఫ్గాన్లే అన్నారు గానీ, వాళ్ళలో పష్తూన్లున్నారు, బలూచీలున్నారు, సింధీలు, పంజాబీలూ ఉన్నారు. చాలామంది అప్పటి బ్రిటిష్ ఇండియా వాళ్ళు. మొదటి ఇద్దరి భాషలూ ఇరానీ భాషలు. ఇంకో వింత ఉంది: బలూచీల ఇంటి పక్కనే బ్రాహుయీ మాట్లాడేవాళ్ళుంటారు. అది మన తెలుగుకి చుట్టమైన ద్రావిడ భాష. ఇన్ని భాషలు, ఇన్ని ఊళ్ళు కలిసి ఇక్కడ ఒక్క ‘ఘాన్’ అయ్యాయి.

బలూచిస్తాన్‌లో పుట్టిన బేజా దర్వేష్ 1896లో లారెన్స్ వెల్స్ నడిపిన కాల్వర్ట్ యాత్రలో ఒంటెలు నడిపాడు. గ్రేట్ శాండీ ఎడారిలో ఆ బృందంలోని ఇద్దరు దాహంతో చనిపోయారు. యాత్ర అయ్యాక వెల్స్ తన దిక్సూచిని బేజాకి ఇచ్చాడు. దారి చూపినవాడికి అంతకన్నా ఏమిస్తారు? బేజా మరీ అనే ఊళ్ళో స్థిరపడి, 1957లో చనిపోయాడు. 1939లో మాడిగన్ సింప్సన్ ఎడారిని దాటినప్పుడు ఒంటెలు నడిపినవాళ్ళలో బేజా కొడుకు ఉన్నాడు.

దిక్సూచి ఇచ్చిన దేశం ఓటు మాత్రం ఇవ్వలేదు. 1901లో వచ్చిన చట్టం ప్రకారం అధికారి తలుచుకుంటే ఏదైనా యూరప్ భాషలో 50 మాటలు చదివి రాయమనేవాడు. రాయలేకపోతే లోపలికి రానివ్వరు. 1903 చట్టం ఆసియా వాళ్ళకి పౌరసత్వపు దారి మూసేసింది. స్వదేశానికి వెళ్ళి తిరిగి రావాలంటే ఆ పరీక్ష నుంచి మినహాయింపు కాగితం ఉండాలి. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ కాగితాలు ఉన్నాయి. ముందు నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో, అరచేతి ముద్ర. తలపాగా పెట్టుకున్న మనుషులు కెమెరాలోకి సూటిగా చూస్తుంటారు. పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటాయి.

నేను ఇంగ్లీషు పరీక్ష కంప్యూటర్ ముందు కూర్చుని రాశాను. టైపింగు ఎవరూ నేర్పలేదు, రెండు వేళ్ళతో మొదలుపెట్టి నేర్చుకున్నదే. దాంతోనే గట్టెక్కాను. ఫారాల్లో మా ఇంటిపేరు నా ‘ఫస్ట్ నేమ్’ అయి కూర్చుంది. ఆఫీసులో కొందరు ఇప్పటికీ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు. మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఆ అరచేతి ముద్రలు చూశాక, విసుక్కునే హక్కు నాకుందా అనిపించింది. నా భార్య నాతో రాగలిగింది. వాళ్ళ భార్యలు రాలేకపోయారు.

1920ల్లో లారీలు వచ్చాయి. 1925లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒంటెల్ని చంపే చట్టం చేసింది. చాలామంది చంపలేక ఎడారిలో వదిలేశారు. ఇవాళ అక్కడ తిరిగే అడవి ఒంటెలు వాటి సంతతే. 1929లో రైలు ఆలిస్ స్ప్రింగ్స్ చేరింది. ఒంటెలవాళ్ళ పని పోయింది, పేరు రైలుకి మిగిలింది.

మా ఆఫీసుకి నడిచి వెళ్ళే దూరంలో, లిటిల్ గిల్బర్ట్ స్ట్రీట్ అనే సన్నటి సందులో ఒక రాతి మసీదు ఉంది. 1888-89లో వాళ్ళే కట్టుకున్నారు. నాలుగు మినార్లు 1903లో లేచాయి. పనిలేని ముసలివాళ్ళు చివరి రోజుల్లో పక్కనే చిన్న ఇళ్ళలో ఉండేవారు. రెండేళ్ళు ఆ వీధి చివర నుంచే కాఫీకి వెళ్ళాను, ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు.

ఈ మార్చిలో ఇరాన్ ఆవిడ మళ్ళీ బల్ల సర్దింది. వాళ్ళకి వసంతం మొదలు, ఇక్కడ కిటికీ బయట ఆకులు రాలుతున్నాయి. మన ఉగాదికీ ఇక్కడ అదే తంటా. లంచ్ టైములో ఆవిణ్ణి ఆ సందులోకి తీసుకెళ్ళాను. ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా తనూ చూడలేదట. గేటు దగ్గర కాసేపు నిలబడ్డాం. "వీళ్ళని కూడా అరబ్బులనుకున్నారా?" అంది.

"కాదు, అందర్నీ అఫ్గాన్లన్నారు" అన్నాను.

"మరి వాళ్ళు తమని ఏమనుకునేవారు?"

జవాబు చెప్పాలంటే ఒక్కో కాగితమూ తీసి, ఒక్కో పేరూ చదవాలి. ఆ పనే మొదలుపెట్టాను, రోజుకి ఒకటి చొప్పున.