సి పోతే పోయింది, డి ఉంది కదా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సీటీసీ అంటేనే ఆటోవాలాకైనా తెలుస్తుంది. తొంభైల చివరి నుంచి తెలుగు ఊళ్లలో ఇంటి కంప్యూటర్ అంటే చాలామటుకు ఇలాంటి చోట బిగించిన అసెంబుల్డ్ కంప్యూటరే. మదర్‌బోర్డు ఒకరిది, ర్యామ్ మరొకరిది, క్యాబినెట్ ఎవరిదో. హెచ్‌సీఎల్, జెనిత్, కాంపాక్ పేర్లున్న పెట్టెలు కాస్త ఉన్నవాళ్ల ఇళ్లకే వెళ్లేవి. అన్నీ బిగించాక షాపు కుర్రాడు ఆఖరున చేసే పని విండోస్ ఎక్కించడం. చాలా బిల్లుల్లో దానికంటూ ఒక వరస ఉండేది కాదు. కొనని సరుకుకు బిల్లేముంటుంది? ఆ తర్వాత పాతికేళ్లపాటు పాత కంప్యూటర్‌ను మనవాళ్లు ఎలా కొత్త చేసుకున్నారు, ఎందుకు చేసుకోలేదు అన్న కథంతా ఈ రాయని వరస దగ్గరే మొదలవుతుంది.

విండోస్ 95 అమెరికాలో 1995 ఆగస్టు 24న విడుదలైంది. సీడీ డ్రైవ్ లేనివాళ్ల కోసం 13 ఫ్లాపీల్లోనూ అమ్మారు. ఒక్క ఫ్లాపీ చెడినా పని మధ్యలో ఆగిపోతుంది. ఉన్నదానిమీదే కొత్తది ఎక్కించుకోవచ్చని కంపెనీ చెప్పింది గానీ, ఆ మాట మీద మెకానిక్కులకు నమ్మకం కుదరలేదు. కుదరకపోవడంలో తప్పూ లేదు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో బిల్ గేట్స్ పక్కనే ఉండగా, రాబోయే విండోస్ 98 ప్రతాపం చూపిద్దామని ఒక ఉద్యోగి స్కానర్ తగిలించాడు. కంప్యూటర్ కుప్పకూలి, తెర నీలంగా మారి కూర్చుంది. కన్నవాళ్ల చేతుల్లోనే అలా ఉంటే, మూడు కంపెనీల ముక్కలు కలిపి బిగించిన పెట్టెలో ఎలా ఉంటుందో చెప్పాలా?

అందుకే షాపుల్లో అప్‌గ్రేడ్ అన్న మాట పెద్దగా వాడుకలోకి రాలేదు. ఫార్మాట్ కొట్టడమే. బూట్ ఫ్లాపీ పెట్టి ఎఫ్‌డిస్క్‌తో హార్డ్‌డిస్క్‌ను ముక్కలు చేసేవారు. సి మీద ఉన్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటర్ అడిగితే కళ్లు మూసుకుని వై కొట్టేవారు. సీడీ మీద మార్కర్‌తో రాసుకున్న 25 అక్షరాల కీ చూసి టైపు చేసేవారు. అసలు అవస్థ ఆ తర్వాత. శబ్దం రాదు, తెర మీద బొమ్మలు పదహారు రంగుల్లో వెలవెలబోతుంటాయి. మదర్‌బోర్డుతో వచ్చిన డ్రైవర్ల సీడీ ఏ బీరువాలో ఉందో ఇంటివాళ్లకు గుర్తుండదు. ఆ సీడీ దొరికిందా, సాయంత్రానికి పని అయిపోతుంది. లేకపోతే మూత విప్పి, చిప్ మీది అంకెలు చదివి, సరిపోయే డ్రైవర్ కోసం నెట్ సెంటర్‌కు పరుగు.

ఈ ఫార్మాట్ సంస్కృతిలోంచే మన ఇళ్లలో ఒక భద్రతా సూత్రం పుట్టింది. హార్డ్‌డిస్క్‌ను సి, డి, ఇ అని విడగొట్టి, విండోస్‌ను సిలో ఉంచి, ముఖ్యమైనవన్నీ డిలో పెట్టుకోమనేవారు. సి పోతే పోయింది, డి ఉంది కదా అన్నది మెకానిక్కు నోట పదేపదే వినిపించిన ధైర్యవచనం. దీన్ని తక్కువ చేయడానికి లేదు. విడిగా బ్యాకప్ తీసుకునే అలవాటు గానీ, రెండో డిస్క్ కొనే స్తోమత గానీ లేని రోజుల్లో పాటలు, పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు నిలిచాయంటే చాలాసార్లు ఆ విభజన పుణ్యమే.

అయితే విండోస్‌కు ఈ సూత్రం తెలియదు. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలూ, మై డాక్యుమెంట్స్‌లో దాచిన ఉత్తరమూ నిజానికి ఉండేది సిలోనే. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాడేవారి పరిస్థితి మరీ ఘోరం. అమెరికాలో ఉన్న కొడుకు రాసిన మెయిళ్లన్నీ సి డ్రైవ్‌లో ఎక్కడో లోతున, ఎవరూ తెరవని ఫోల్డర్‌లో ఉండేవి. ఫార్మాట్ కొట్టేముందు ఆ సంగతి అడిగి, అవి తీసి పక్కన పెట్టినవాడే మంచి మెకానిక్కు.

డి అంటే వేరే డిస్క్ కాదనీ, అదే డిస్క్‌లో గీసిన గీత మాత్రమేననీ 1999 ఏప్రిల్ 26న తెలిసొచ్చింది. తైవాన్ విద్యార్థి ఒకరు రాసిన సీఐహెచ్ వైరస్ ఆరోజు మేల్కొంది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కావడంతో దానికి ఆ పేరే స్థిరపడింది. విండోస్ 95, 98 నడిచే కంప్యూటర్లలో డిస్క్ మొదటి భాగాన్ని చెత్తతో నింపేసింది. విభజన వివరాలు రాసి ఉండేది అక్కడే కనుక సితోపాటు డి కూడా కనపడకుండా పోయింది. కొన్ని మదర్‌బోర్డుల్లో బయోస్ చిప్‌ను సైతం చెరిపేసి, అసలు ఆన్ కాకుండా చేసింది. ఎక్కువ దెబ్బ తిన్నది ఆసియా దేశాలే.

2001 అక్టోబరు 25న ఎక్స్‌పీ వచ్చింది. నీలం తెర బాధ చాలావరకు తగ్గింది గానీ యాక్టివేషన్ అనే కొత్త కాపలా మొదలైంది. పెద్ద సంస్థలకు ఇచ్చే కాపీలకు ఆ కాపలా లేదు. అలాంటి సీడీల నకళ్లే వీధి వీధికీ చేరాయి. ప్రపంచమంతా చేతులు మారిన ఒక కీని 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 గుర్తుపట్టి అడ్డుకుంది. ఆ తర్వాత షాపువాళ్లు విండోస్ ఎక్కించగానే చేసే రెండో పని ఖాయమైపోయింది: ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయడం. 2008లో నకలు కాపీల డెస్క్‌టాప్ గంటకోసారి నల్లబడే ఏర్పాటు రావడంతో ఆ ఆపేయడం మరింత గట్టిపడింది. భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం నకలు కాపీలకూ అందుతూనే ఉండేవన్న సంగతి చాలామంది చెవికి చేరలేదు. జనం అప్‌డేట్ చేయకపోవడానికి అజ్ఞానమే కారణమని తేల్చేసేవారు ఈ ముక్క మర్చిపోతారు. అప్‌డేట్ చేయకపోవడానికి కారణం సగం బిల్లు లేదన్న భయం, సగం నెట్ ఖర్చు.

నెట్ ఖర్చు మాటకొస్తే లెక్క సులువే. 2003 జులై 16న మైక్రోసాఫ్ట్ ఒక రంధ్రానికి అతుకు విడుదల చేసింది. నెల తిరక్కుండానే, ఆగస్టు 11న, ఆ రంధ్రంలోంచి బ్లాస్టర్ పురుగు దూరింది. నెట్‌కు తగిలిస్తే చాలు, అరవై సెకన్లలో కంప్యూటర్ మూసుకుపోతుందన్న హెచ్చరిక తెర మీద పరుగెత్తేది. దీనికి గట్టి జవాబుగా ఫైర్‌వాల్‌ను దానంతటదే ఆన్ చేసే సర్వీస్ ప్యాక్ 2 2004 ఆగస్టులో వచ్చింది. దాని పూర్తి ఫైలు దాదాపు 266 ఎంబీ. డయల్-అప్ మోడెమ్ తన గరిష్ఠ వేగంతో ఆగకుండా లాగినా పది గంటలకు పైమాటే, పైగా అంతసేపూ ఫోన్ బిల్లు తిరుగుతుంటుంది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కూడా అర్ధరాత్రి దాటాక వాడకానికి లెక్క ఉండని ప్లాన్లు తీసుకుని, రెండు గంటలకు అలారం పెట్టుకుని డౌన్‌లోడ్లు మొదలుపెట్టినవాళ్లున్నారు. మిగతావారికి డిజిట్ వంటి పత్రికలతో వచ్చే సీడీలే దిక్కు. విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత వ్యవస్థ ఉబుంటువాళ్లు అడిగినవారికల్లా ఉచితంగా సీడీ పోస్టులో పంపేవారు, 2011 దాకా.

తెలుగు కోసమే ఎక్స్‌పీకి మారినవాళ్లూ ఉన్నారు. విండోస్ 98లో యూనికోడ్ తెలుగు సరిగా కుదిరేది కాదు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. వచ్చింది గానీ వెంటనే కనపడేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెడితే, కంప్యూటర్ ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడిగేది. సీడీ మెకానిక్కు దగ్గర, తెలుగు డబ్బాల రూపంలో తెర మీద. విస్టా వచ్చాకే ఈ తంటా తీరింది.

డీటీపీవాళ్ల కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టే వారి బతుకంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద నడిచింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 విడుదలైంది 2001లోనే. యూనికోడ్‌తో దానికి పొత్తు లేదు. కొన్ని లిపి సాఫ్ట్‌వేర్లకు వెనకాల తగిలించే డాంగిల్ కూడా ఉండేది, కొత్త విండోస్‌లో దాన్ని గుర్తించే డ్రైవర్ ఉంటుందో ఉండదో తెలియదు. పనిచేస్తున్న ఎక్స్‌పీని ముట్టుకోకుండా నెట్ వైరు పీకేసి వాడుకోవడం వారు కనిపెట్టిన ఉపాయం. భద్రత నిపుణులు కూడా దాన్ని తప్పుపట్టలేరు.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు. రెండు నెలలకే, ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది. 2017 మేలో వన్నాక్రై పురుగు ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రానికి అతుకు మార్చిలోనే వచ్చేసింది. గమ్మత్తేమిటంటే, ప్రపంచం మొత్తమ్మీద ఎక్కువగా చిక్కినవి ముసలి ఎక్స్‌పీలు కావు, అప్‌డేట్ చేయని విండోస్ 7లు.

ఈలోగా కంపెనీ ఎదురు దారి పట్టింది. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10ను అసలు కాపీ ఉన్న ఇంటివారికి ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. ఇవ్వడం కాదు, అంటగట్టింది. పాత కంప్యూటర్లలోకి అడగకుండానే దిగుమతి అయిపోయేది. కబురు పెట్టె మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే వద్దన్నట్టు కాక సరేనన్నట్టు లెక్క. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ, తన కంప్యూటర్ పాడైందని కోర్టుకెళ్లి 10,000 డాలర్లు రాబట్టింది.

2018 అక్టోబరు 2న వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ మన డి డ్రైవ్ సూత్రాన్నే దెబ్బతీసింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను సి నుంచి వేరే డ్రైవ్‌కు మార్చుకున్నవారి కంప్యూటర్లలో, పాతచోట మిగిలిన ఫోల్డర్‌ను అది అనవసరమైనదిగా భావించి లోపలి ఫైళ్లతో సహా తుడిచేసింది. జాగ్రత్తపరులే నష్టపోయారు! కొద్దిరోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబరు 13న మళ్లీ వదిలారు.

2021లో వచ్చిన విండోస్ 11 పాత పెట్టెల్ని గుమ్మంలోనే ఆపేసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటి వాడకందార్లకు భద్రతా మరమ్మతులను మరో ఏడాది పొడిగించే పథకం పెట్టారు. ఇప్పుడు షాపులకు వచ్చే పదేళ్ల కంప్యూటర్‌కు కుర్రాళ్లు ముందు ఎస్ఎస్‌డీ వేస్తారు. పాత డిస్క్‌ను బయటికి తీసి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, డేటా అంతా ఎక్కించుకున్నాకే మిగతా పని. డి డ్రైవ్ సూత్రం కన్నా ఇది ఎంతో నికరమైన పద్ధతి. కొత్త ల్యాప్‌టాప్‌ల దగ్గరికొచ్చేసరికి ఇదీ చెల్లకుండా పోతోంది. వాటిలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ కొన్నప్పటి నుంచే ఆన్‌లో ఉంటుంది. డిస్క్ తీసి పక్క కంప్యూటర్‌కు తగిలిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా తెరిచిందెవరో, పాస్‌వర్డ్ ఏమిటో కనుక్కోవడంతోనే ఇప్పుడు మెకానిక్కు పని మొదలవుతోంది.